ఊదా రంగు టేపు

మా బామ్మర్ది సైకిలుకి ఫొటో తీసే తీరు మీరు చూడాలి. పెళ్లికూతుర్ని ముస్తాబు చేయడానికి కూడా అంత తతంగం ఉండదు. గొలుసు ఉన్న వైపే కెమెరాకి కనబడాలట. పెడలు నేలకి సమంగా ఉండాలట. గాలి కొట్టే వాల్వులు రెండూ కిందికే ఉండాలట. నీళ్ల సీసా, సీటు, హ్యాండిలుకి చుట్టిన టేపు, ఈ మూడింటి రంగూ కలవాలట. ఏ ఒక్కటి తప్పినా ఫోన్లో వాడికున్న సైకిళ్ల గుంపులో వాళ్లు వారం రోజులు వెక్కిరిస్తారు. ఇంతా చేసి ఆ సైకిలుకి స్టాండు ఉండదు. ఉంటే పరువు తక్కువ. అందుకని ఒకడు సైకిలుని నిలబెట్టి పట్టుకుంటాడు. 'ఊఁ' అనగానే వదిలేసి పక్కకి గెంతుతాడు. అది పడేలోపు ఇంకొకడు ఫొటో లాగుతాడు. గెంతినవాడు మళ్లీ ఉరికివచ్చి పట్టుకుంటాడు. మీసాలు నెరిసిన మగవాళ్లు చేసే పని ఇది.

నేను గేట్లూ గ్రిల్లూ చేసే వెల్డర్ని. బడి ఎప్పుడో మానేసినవాణ్ణి, నాకు ఈ సౌందర్యాలు తెలియవు. ఒకసారి చూడలేక, స్టాండు అతికించి ఇస్తాను తెమ్మన్నాను. కన్నబిడ్డకి తోక అతికిస్తానన్నట్టు చూశాడు వాడు.

మా వీధి చివర అద్దకం ఫ్యాక్టరీ ఉంది. దాని వెనక ప్లాస్టిక్ పట్టా పరిచిన పెద్ద గుంట. రంగునీళ్లన్నీ అందులోకి వదిలి, ఎండకి ఆరిపోతాయిలే అంటారు. ఆరేది ఆరుతుంది, పట్టా చిరుగుల్లోంచి ఇంకేది ఇంకుతుంది. ఆ ఇంకిందంతా మా బోరులోకి చేరింది. మా ఇంట్లో కుళాయి తిప్పితే ముందు వాసన వస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా నీళ్లు వస్తాయి. తాగడానికి ఎక్కడినుంచో బిందెలు మోసుకొస్తున్నాం గానీ అంట్లకీ బట్టలకీ ఆ నీళ్లే గతి. మా ఆవిడ వేళ్ల సందుల్లో చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. అన్నం కలుపుకోవడానికి చెంచా వాడుతుంది. వీధి జనమంతా ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, కాళ్లు అరిగాక, గుంట చూడడానికి ఒక అధికారి వస్తానని ఒప్పుకున్నాడు. ఆయన మూసేయమంటే ఫ్యాక్టరీవాళ్లు దాన్ని మూయాల్సిందే. మాకు ఇంకేమీ వద్దు. ఆ గుంట మూస్తే చాలు.

సరిగ్గా అప్పుడే దాని మీద మా బామ్మర్ది కన్ను పడింది.

పొద్దున్నే అక్కని చూడడానికి వచ్చి, సైకిలు వేసుకుని గట్టు మీదికి పోయాడట. ఎండ పడుతూ ఉంటే నీళ్లు గులాబీ రంగులో మెరిశాయట. ఊగిపోతూ తిరిగొచ్చాడు.

"ఇంత చోటు ఇంటి వెనకే పెట్టుకుని ఒక్క ముక్క చెప్పలేదేం బావా?"

"అది కంపు గుంటరా."

"ఫొటోకి కంపు ఉండదుగా."

దానికి 'గులాబీ సరస్సు' అని పేరు పెట్టి, దారి గీసి మరీ తన గుంపులో పెట్టాడు. ఆ ఆదివారమే దిగబడ్డారు. రంగురంగుల బిగుతు చొక్కాలు, కప్పల్లాంటి నల్లకళ్లద్దాలు. అందరికంటే ముందు ఒక పళ్ల డాక్టరు. ముక్కులకి రుమాళ్లు కట్టుకుని గట్టెక్కారు. ఫొటో కోసం రుమాళ్లు తీసి, ఊపిరి బిగబట్టి, నవ్వి, మళ్లీ కట్టుకున్నారు. ఎవడి సైకిలుకి ఏ గేర్లు, ఎవడి చక్రం ఎంత తేలిక అని ఆ కంపులోనే నిలబడి ముచ్చట్లు. పక్కన చచ్చిన కొంగ ఒకటి పడి ఉంటే, ఫొటోలో రాకుండా ఒకాయన దాన్ని బూటుతో నీళ్లలోకి తోశాడు. నేను చూస్తూ ఉండగానే.

ఆ రోజే మా బామ్మర్ది సైకిలు గుంటలో పడింది. పళ్ల డాక్టరు పట్టుకున్నాడు, వదిలాడు, గెంతాడు. గట్టు అంచు ప్లాస్టిక్ పట్టా మీద అతని కాలు జారింది. తిరిగి పట్టుకునే నాథుడు లేక సైకిలు పట్టా మీంచి సర్రున జారి నురగలోకి మునిగింది. బామ్మర్ది నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. దిగడానికి ఒక్కడికీ ధైర్యం లేదు. నేనే షాపులోంచి పొడుగాటి కొక్కెం తెచ్చి పైకి లాగాను. జిగురు కారుతోంది. హ్యాండిలుకి చుట్టిన తెల్లటి టేపు ఊదా రంగుకి తిరిగింది. సబ్బుకి పోలేదు, కిరసనాయిలుకీ పోలేదు.

నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమేసింది. ఇక వీడికి తెలిసొచ్చిందనుకున్నాను. మా ఆవిడ కూడా అదే అనుకుంది. తమ్ముణ్ణి కూర్చోబెట్టి, తన చేతులు రెండూ వాడి ముందు చాపింది.

"చూశావుగా. నీ టేపుకి పట్టిందే నా చేతులకీ పట్టింది. అధికారి వచ్చిన రోజున నువ్వొచ్చి నీ సైకిలు చూపించి, జరిగింది చెప్పు. మేం చెబితే వీధి రగడ అంటారు. నువ్వు చెబితే వింటారు."

వాడు ఆ చేతుల్ని చూశాడు గానీ ముట్టుకోలేదు. తప్పకుండా వస్తానక్కా అన్నాడు. ఆవిడ పొంగిపోయింది. ఆ వారమంతా వీధిలో కనిపించిన వాళ్లందరికీ, మా తమ్ముడు వచ్చి మాట్లాడతాడు అని చెప్పుకుంది. మా పక్కింటి కుట్టుమిషను పిన్ని మాత్రం, మీవాడు ముందు నోరు తెరవనీ అప్పుడు చూద్దాం అంది. ఆ మాటకి మా ఆవిడ పిన్నితో మాట్లాడడం మానేసింది.

ఈలోపు వాడేం చేశాడు? కొత్త టేపు చుట్టుకోకముందు ఆ ఊదా టేపు ఫొటో కూడా గుంపులో పెట్టాడు. ఏడవడానికే పెట్టాడు పాపం. కానీ జనం ఎగబడ్డారు. అబ్బ ఏం రంగు, ఏ కంపెనీ టేపు, ఎక్కడ దొరుకుతుంది అని ఒకటే అడగడం. వాడి ఏడుపు అక్కడితో ఆగిపోయింది. ఏ కంపెనీదీ కాదు, సరస్సులో ముంచిన టేపు అని రాశాడు. ఇక చూడండి. ఆ మర్నాటినుంచి తెల్ల టేపు చుట్టలు పట్టుకుని, దారం కట్టి, గాలం వేసినట్టు గుంటలో ముంచుకోవడానికి రావడం మొదలెట్టారు. ఎంతసేపు నానితే ఏ ఛాయ వస్తుందో ఒకరికొకరు చెప్పుకోవడం. పళ్ల డాక్టరు తన క్లినిక్ నుంచి రబ్బరు తొడుగులు తెచ్చి అందరికీ పంచాడు. చేతులకి అంటకూడదుగా మరి. వాళ్లు గట్టు మీద తొడుగులు వేసుకుని రంగు అద్దుకుంటూ ఉంటే, గోడకి ఇవతల మా ఆవిడ అవే నీళ్లతో వట్టి చేతులతో గిన్నెలు తోముతోంది. నేను గట్టు వైపు ఉమ్మేసి లోపలికి పోయాను.

అధికారి శనివారం పొద్దున వచ్చాడు. పెద్దమనిషిలాగే ఉన్నాడు, మర్యాదగా మాట్లాడాడు. వీధంతా గట్టు దగ్గర చేరింది. ఫ్యాక్టరీ మేనేజరు పక్కనే చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వెందుకో గట్టెక్కాక తెలిసింది. అక్కడ బామ్మర్ది గుంపంతా ఉంది, తొడుగులూ, టేపులూ, సైకిళ్లతో సహా. వాణ్ణి చూడగానే మా ఆవిడ మొహం వెలిగింది. వచ్చాడు చూశావా అన్నట్టు నా మోచెయ్యి పొడిచింది.

పిన్ని చెప్పింది, నేను చెప్పాను. అధికారి అన్నీ విన్నాడు. మేనేజరు ఒక్క మాట కూడా కాదనలేదు. ఊరికే వాళ్లవైపు చెయ్యి చూపించి, వాళ్లంతా ఎక్కడెక్కడినుంచో ఈ చోటు చూడడానికి వస్తున్నారండీ, అడగండి అన్నాడు. అధికారి మా బామ్మర్దినే పిలిచాడు. ఇక్కడ మీకేమైనా ఇబ్బందిగా ఉంటుందా అని అడిగాడు.

వాడు అక్క వైపు చూశాడు. తన గుంపు వైపు చూశాడు. వాళ్లంతా టేపులు పట్టుకుని వీడి నోటివంకే చూస్తున్నారు. ఇది మూసేస్తే ఈ సరస్సూ లేదు, ఈ రంగూ లేదు, వీడి వెనక ఆ గుంపూ లేదు.

"మాకైతే ఏ ఇబ్బందీ లేదండి. బాగుంటుంది ఇక్కడ" అన్నాడు.

అధికారి తల ఊపాడు. ఫిర్యాదులో కొంచెం అతి ఉందని మేనేజరుతో మెల్లిగా అనడం నా చెవిన పడింది. చూడ్డానికి వచ్చేవాళ్లు జారిపడకుండా గట్టు చుట్టూ రెయిలింగు వేయించమని చెప్పి కారెక్కాడు. గుంట మూయమన్న మాట ఆయన నోట రానేలేదు. పిన్ని మా ఆవిణ్ణి ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

మధ్యాహ్నం బామ్మర్ది మా ఇంటికి వచ్చాడు. సిగ్గుపడుతూ వచ్చాడనుకుంటే పొరపాటు.

"నేను అబద్ధం చెప్పలేదక్కా. నిజంగానే మాకు ఇబ్బంది లేదు." తర్వాత నా వైపు తిరిగాడు. "మేనేజరుతో మాట్లాడాను బావా. రెయిలింగు పని నీకే ఇమ్మన్నాను."

మేలు చేసినవాడి మొహం పెట్టాడు చూడండి, ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ లేచింది. వాణ్ణి చంకనెత్తుకుని పెంచిన మనిషి. వాడి మీద నేను ఇన్నేళ్లూ ఏ మాటన్నా నాతో పోట్లాడిన మనిషి.

"ఇక మా ఇంటికి రాకు తమ్ముడూ" అంది. గొంతు కూడా పెంచలేదు. వాడు నవ్వబోయి, మానేసి వెళ్లిపోయాడు.

రెయిలింగు నేను చేయనన్నాను. ఇంకెవడో చేశాడు. మేం ఇల్లు మారాలనుకున్నాం. నాలుగు వీధులవతల, ఆ పై వీధుల్లో కూడా వెతుకుతున్నాం. మా ఆవిడ గదులు చూడదు, గాలి వస్తుందా అని అడగదు. గుమ్మం దాటగానే తిన్నగా వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుతుంది. పుండు చేతుల్లో నీళ్లు పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుంటుంది. ఇంటివాళ్లు ఆమెకేదో పిచ్చి అన్నట్టు నా వంక చూస్తారు. ఆవిడ చెయ్యి దులుపుకుని బయటికి వస్తే, నేనూ వెనకాలే వచ్చేస్తాను.