నాలుగున్నర బారలు

నాగదుర్గ మొగుడు మస్తాన్ సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఎనిమిది నెలలైంది. ఆమె ఏడవడం మానేసింది. మాట్లాడటం కూడా ఇంచుమించు మానేసింది. ఏమడిగినా "ఊఁ" అంటుంది.

ఆమెకు మిగిలింది రేపల్లె అవతల కాలనీలో ఒక ఇంటి స్థలం పట్టా. అందులో విస్తీర్ణం డెబ్బై రెండు చదరపు గజాలు అని రాసుంది. రోడ్డు వైపు ఎనిమిది గజాలు అని రాసుంది. లోపలికి ఎంతో చెప్పే గడి మాత్రం ఖాళీ. రాసినవాడి బద్ధకం. ఆ ఖాళీలోకి వెనకున్న రొయ్యల చెరువు కట్ట నడిచొచ్చి కూర్చుంది. రోడ్డు నుంచి కట్ట దాకా ఆరు గజాలే మిగిలింది. స్థలం పూర్తిగా ఉందని శుక్రవారం లోపు సర్వేయరు సంతకం పెట్టకపోతే ఇల్లు మంజూరు రద్దు. అది గురువారం. ఇళ్ల స్థలాల సంఘం నుంచి నేను వెళ్లాను.

సర్వేయరు అభినవ్ కుర్రాడు. తెనాలి నుంచి వచ్చిపోతుంటాడు.

"పట్టాలో లేని కొలత నేనెట్టా వేస్తానండి?"

"డెబ్బై రెండుందిగా. ఒక పక్క ఎనిమిదుందిగా. డెబ్బై రెండుని ఎనిమిదితో భాగించు. రెండో పక్క తొమ్మిది. దీనికి సర్వే ట్రైనింగు కావాలా తమ్ముడూ?"

"లెక్క కరెక్టేనండి. కానీ నేల మీద రాయుండాలి. ముందు రాళ్లున్నాయి. వెనక ఒక్క రాయి చూపించండి, సంతకం పెట్టేస్తా."

చెరువు రమేష్ బాబుది. అతను బండి దిగకుండానే అన్నాడు. "రాయి లేదు మేడం. నిన్న ఈవిడే గునపం పట్టుకొచ్చి కట్టంతా పొడుచుకుంది. నేనేమన్నా ఆపానా?"

"నిజమేనా?" అన్నాను.

"ఊఁ" అంది నాగదుర్గ.

"ఎక్కడ పొడిచావ్?"

చూపించింది. కట్ట మీద వరసగా కన్నాలు.

"అక్కడే ఎందుకు?"

నేల చూస్తూ చెప్పింది. "పట్టా ఇచ్చిన రోజు ఆయన చేతులతో కొలిచాడు. ముందు రాయి నుంచి వెనక రాయికి నాలుగున్నర బారలన్నాడు. నిన్న నేనూ అట్టాగే కొలిచా. ఏం తగల్లేదు. పోన్లే అక్కా, ఇంటికెళ్దాం."

సముద్రం మీద బతికేవాళ్లకి తాడైనా, వలైనా, నీటి లోతైనా బారల్లోనే. రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకి ఒక బార.

"చేతులు చాపు" అన్నాను.

చాపింది. టేపు పెట్టాను. ఐదడుగుల నాలుగంగుళాలు. నాలుగున్నర బారలంటే ఇరవై నాలుగు అడుగులు. కన్నాలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. లెక్క ప్రకారం కావాల్సింది తొమ్మిది గజాలు, అంటే ఇరవై ఏడు. ఆమె మూడడుగులు ఇవతల పొడిచింది.

అభినవ్ టేపు కొస పట్టుకున్నాడు. ముందు రాయి నుంచి తిన్నగా ఇరవై ఏడడుగులు లాగి, కట్ట మీద నిలబడి గునపం దించాను. మట్టి. జానెడు పక్కన దించాను. మట్టి. మూడోసారి ఠంగుమంది.

"అదేదో పాత కాంక్రీటు ముక్క అయ్యుంటది" అన్నాడు రమేష్ బాబు.

"అయితే నీదే, తీసుకుపో" అన్నాను. "తవ్వు తమ్ముడూ."

అభినవ్ చొక్కా చేతులు మడిచి తవ్వాడు. నడుం లోతులో రాయి తల కనబడింది. దాని మీద సర్వేవాళ్లు చెక్కే బాణం గుర్తు. రమేష్ బాబు ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుతూ పక్కకెళ్లాడు. అభినవ్ ఖాళీ గడిలో తొమ్మిది వేసి, కింద సంతకం పెట్టాడు.

కాగితం నాగదుర్గ చేతికిచ్చాను. మడిచి జాకెట్లో పెట్టుకుంది. మొహంలో ఏ మార్పూ లేదు.

"నీ మొగుడు సరిగ్గానే చెప్పాడమ్మా. ఇరవై ఏడుని నాలుగున్నరతో భాగిస్తే ఆరు. అతని బార ఆరడుగులు."

"ఆరడుగులా?"

"ఆరే."

ఆమె గొయ్యి వైపు చూసింది. తర్వాత నా చేతిలో టేపు వైపు చూసింది.

"అక్కా, అది ఒకసారి ఆరడుగులు లాగు."

లాగాను. ఒక కొస ఆమె పట్టుకుంది, రెండో కొస నేను. మా మధ్య ఆరడుగుల మేర టేపు గాలికి ఊగింది. ఆమె ఈ కొస నుంచి ఆ కొసకి చూసింది, మళ్లీ వెనక్కి చూసింది.

"ఊఁ" అని వదిలేసింది. టేపు చర్రున డబ్బాలోకి వెళ్లిపోయింది.