ముగ్గు లేని వాకిలి

కొత్తవాడ సందు మొదట్లోనే భాస్కర్ సైకిలు దిగాడు. మగ్గాల చప్పుడు లేదు. పట్టపగలు జంపఖానాల మగ్గాలు ఆగాయంటే వాడలో ఎవరో పోయినట్టే. 'ఎవరో పాపం' అనుకుంటూ మలుపు తిరిగాడు. జనమంతా తన ఇంటి ముందే ఉన్నారు.

గడప మీద కూలబడి అత్తగారు కట్టమ్మ శోకాలు పెడుతోంది.

"నన్ను తీస్కపోక నా బిడ్డను తీస్కపోతివా దేవుడా!"

భాస్కర్ జనాన్ని తప్పించుకుంటూ ఆమె దగ్గరికి పరుగెత్తాడు. దవాఖానలో భార్య శారదకు గంజి తాగించి ఇప్పుడేగా వచ్చాడు!

"అత్తమ్మా, శారద బతికే ఉన్నది! నీకెవరు చెప్పిన్రు?"

ఏడుపు ఆగిపోయింది. కట్టమ్మ వాకిలి వైపు చెయ్యి చూపింది. "ఎవలు చెప్పాలె బిడ్డా? హసన్‌పర్తి నుంచి వచ్చి చూస్తే సాన్పి చల్లి లేదు, ముగ్గేసి లేదు. తలుపుకు తాళం. ఏమనుకోవాలె?"

"నేను గూడ గట్లనే అనుకున్న తమ్మీ," అంది పక్కింటి మల్లక్క. "కాలేజీల గంతమందికి పాఠాలు చెప్తవు, జర ముగ్గెయ్యి అక్కా అని నాకొక్క మాట చెప్పరాదా?"

గుర్తుకు అర్థం చూసేవాళ్ల ఒప్పందంలో ఉంటుందనీ, గుర్తు లేకపోవడం కూడా ఒక గుర్తేననీ అతను ఏటా క్లాసులో చెప్పేవాడు. తన వాకిలి ఏం చెబుతోందో మాత్రం చూసుకోలేదు.

జనం కదిలారు. ఒక్కో మగ్గం మళ్లీ మొదలైంది. మల్లక్క తెచ్చిన నీళ్లు తాగి కట్టమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ మొహంలోకి నవ్వు వచ్చింది. దాన్ని కాసేపు అలాగే ఉండనివ్వాలనిపించింది భాస్కర్‌కు.

"డాక్టరేమన్నడు బిడ్డా?"

అతను ఆమె పక్కన కూర్చున్నాడు. "మందులు ఇగ పని చేస్తలెవ్వట అత్తమ్మా. ఉన్నన్ని దినాలు ఇంట్లనే ఉంచుకోమన్నరు. మంచం సర్దిపోదామని వచ్చిన. మాపటికి తోల్కస్త."

ఈసారి ఆమె ఏడవలేదు. లేచి కొంగు బిగించింది.

"మల్లక్కా, పెండనీళ్ల బకీటియ్యి."

"ఇప్పుడెందుకు అత్తమ్మా?" అన్నాడు భాస్కర్.

"బిడ్డను చూడనీకె ఎవలన్న వస్తరు. ఉట్టి వాకిలి చూసి ఏడ్సుకుంట లోపలికొస్తే అది ఇనదా?"

సాన్పి చల్లిన తడి నేల మీద ఆమె ముగ్గు మొదలుపెట్టింది. గీత వంకర పోయిన చోటల్లా భాస్కర్ అరచేత్తో చెరిపాడు. ఆమె మళ్లీ గీసింది.