తాడు పట్టిన చేయి

ఆదివారం పొద్దున్నే జొన్నరొట్టెలు చేసి, వంకాయ కూర డబ్బాలో సర్ది, స్వరూప తెరచాపకు పడిన చిరుగు కుట్టుకుంటూ కూర్చుంది. పత్తి మీద కప్పే తాటిపత్రిని కోసి, మిషన్ సూదులు రెండు విరగ్గొట్టుకుని ఆ తెరచాప కుట్టింది ఆమే. అయినా నారాయణఖేడ్‌లో అందరికీ అది సంగమేశ్వర్ పడవ. ఫోన్‌లో వీడియోలు చూసి మూడు నెలలు చెక్కలు కొట్టాడు మరి. చెరువులు, కాలువలు అన్నీ తిరుగుదామన్నాడు. అత్త చంద్రమ్మకు ఒకటే మురిపెం. “మొగడు పడవల తిప్పుతుండు. ఏ మారాజు తిప్పుతడే పెండ్లాన్ని?”

ఆ తిరుగుడెట్లా ఉంటుందో స్వరూపకే తెలుసు. మనూర్ దాటాక మంజీర వెనకనీళ్లలో పడవ దించగానే ఆమెను ఒక అంచున కూర్చోబెడతాడు, బరువుకు. ఇంట్లో “ఎంత బలిసినవే” అనే మనిషికి నీళ్ల మీద ఆ బరువే పనికొచ్చింది. తెరచాప తాడు ఆమె చేతిలో, చుక్కాని అతని చేతిలో. ఉన్న ఒక్క లైఫ్ జాకెట్ అతని ఒంటి మీద. “నడిపేటోన్ని నేను. నాకేమన్న అయితే నిన్నెవరు ఒడ్డుకు తెస్తరు?” అంటాడు. ఆమెకు ఈత రాదు. నాలుగు ఆదివారాలుగా భయపడుతూనే ఎక్కుతోంది. చెబితే నవ్వుతారని చెప్పలేదు.

ఆ రోజు నడినీళ్లలో గాలి ఒక్కసారి తిరిగింది. పడవ ఒరిగి, ఎదుటి అంచు మీదుగా నీళ్లు లోపలికొచ్చాయి. తాడు స్వరూప అరచేతిని కోస్తోంది.

“నీకు దండం పెడ్త, ఒడ్డుకు పోదాం!”

“గుంజి పట్టు! ఇడిస్తే మునుగుతం!” అని అరిచి, అంతలోనే నవ్వాడు. “గింత పిరికిదానివేందే? వచ్చే ఆదివారం నీ జాగల శ్రీవాణిని కూసోబెడ్త. బిడ్డన్న ధైర్యంగ తాడు పట్టుకుంటది.”

ఒడ్డున నాయనమ్మ పక్కన నిలబడి పదేళ్ల శ్రీవాణి చేతులూపుతోంది. దానికీ ఈత రాదు. మునిగేదేదో బిడ్డ ఎక్కకముందే, ఇప్పుడే మునిగిపోనీ అనుకుంది స్వరూప. కళ్లు మూసుకుని తాడు వదిలేసింది.

మునగలేదు. తెరచాప గాలి వదిలేసి దండెం మీది దుప్పటిలా టపటపా కొట్టుకుంది. పడవ తనంతట తాను నిటారుగా లేచి, నీళ్ల మీద ఊరికే నిలబడింది. ఆమె కళ్లు తెరిచి చూసింది. సంగమేశ్వర్ ముఖం ఆమె ముఖంకంటే తెల్లగా పాలిపోయి ఉంది. తాడు ఇడిస్తే మునుగుతమని నాలుగు వారాలుగా తనను భయపెట్టిన మాట అతనికీ సరిగా తెలియని మాటేనా అని ఆమెకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది.

అతను తెరచాప చుట్టేసి, తెడ్డు వేసి ఒడ్డుకు చేర్చాడు. చేపలు పట్టేవాళ్లు చుట్టూ చేరేసరికి గొంతు లేచింది. “ఏం లే, తాడు జారింది. ఆడిమనిషి గదా.”

స్వరూప బిడ్డ చేయి పట్టుకుంది.

“జారలే. నేనే ఇడిసిన. నా బిడ్డను ఎక్కనియ్య.”