పిచ్చుక తప్పులు

కాలేజీలో నేను డేటా విశ్లేషణ పాఠం చెబుతాను. మా పిల్లలు కంప్యూటర్లో రెప్పపాటులో గ్రాఫులు గీసేస్తారు. నేను మాత్రం ఈ విద్యను ఎనిమిదో తరగతిలో, రంగు పెన్సిళ్లతో నేర్చుకున్నాను.

ఆ ఏడు లెక్కల టీచరు మాకొక పని పెట్టింది. నెల్లాళ్లు క్లాసులో ఏదో ఒకటి గమనించి, రాసిపెట్టి, ఏం తెలిసిందో చెప్పాలి. నేను అందరి లెక్కల తప్పులూ రాశాను. నాకు తప్పులు రావన్న ధీమా మరి!

అందరికంటే ఎక్కువ తప్పులు పిచ్చుకవి. వెనక బెంచీలో కూర్చునే నా నేస్తం. గుప్పెడంత మనిషి, గంపెడు మాటలు. "పిచ్చుకకు లెక్కలు రావు" అని నేను చదవగానే క్లాసంతా గొల్లుమంది. పిచ్చుక కూడా నవ్వింది. టీచరు నవ్వలేదు.

"ఏ లెక్కలు తప్పిందో చూశావా?"

"లేదు టీచర్."

"తప్పుల మొత్తం ఒక్కటే చూసి తీర్పు చెప్పేస్తావేంటే? మళ్లీ చూడు."

మూతి ముడుచుకుని ఇంటికెళ్లాను. టీచరు నోటితో చెప్పిన లెక్కల్లో తప్పులకు నీలం చుక్క, బోర్డు మీద రాసినవాటికి ఎర్రచుక్క పెడుతూ పోయాను. పిచ్చుక వరుసంతా ఎరుపే. మర్నాడు తన నోట్సు అడిగి తీసుకుని చూశాను. చేసిన లెక్క సరిగ్గానే ఉంది. ఎక్కించుకున్న అంకెలే తప్పు, మూడు ఎనిమిదైంది.

"బోర్డు నీకెలా కనిపిస్తుందే?" అన్నాను.

"అందరికీ కనిపించినట్టే. కాస్త అలుక్కుపోయి."

ఇద్దరం టీచరు దగ్గరికి పరిగెత్తాం.

వారం తిరక్కుండా కళ్లజోడు వచ్చింది. ఆ రోజు పిచ్చుక ఒక పీరియడంతా తల తిప్పుతూ చుట్టూ చూస్తూనే ఉంది. తర్వాత నా చెయ్యి గిల్లి, "గోడ గడియారానికి సెకన్ల ముల్లు కూడా ఉందటే!" అంది.

పెద్ద పరీక్షల్లో దానికి నాకంటే నాలుగు మార్కులు ఎక్కువొచ్చాయి. సెలవులన్నీ కుళ్లుకుంటూనే గడిపాను. బడి తెరిచేసరికి వాళ్ల నాన్నకు బదిలీ అయిపోయింది. దానికి నేను అభినందనలైనా చెప్పలేదు. ఇప్పటికీ కొత్త క్లాసులోకి అడుగుపెట్టగానే ముందు నా చూపు వెనక బెంచీ మీదికే పోతుంది.