పంపింగు బాగుంది

పంపుల మేస్త్రీకి ఊపిరాడటం లేదు. అపార్ట్‌మెంటు అడుగున, ఇనుప నిచ్చెన దిగితే తప్ప చేరలేని పంపు గదిలో, లీకు బిగించి లేవబోయినవాడు లేవలేక గోడకు వీపు ఆనించి కూలబడ్డాడు. పైన మూత తెరిచిన చోట కాస్త వెలుగు. రోజూ ఈలవేస్తూ ఎక్కే నిచ్చెనే అది. ఇవాళ మొదటి మెట్టు చూస్తేనే గుండెల్లో రాయి పడింది.

తప్పంతా ఆయనదే, మొహమాటమెందుకు. పోయిన వారం గుండెకు స్కాన్ తీసిన డాక్టరమ్మ "పంపింగు బాగుంది" అంది. పంపులతోనే కాపురం చేసిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? నీళ్లు తోస్తోందంటే పంపు బాగున్నట్టే. ఆ తర్వాత ఆవిడ చెప్పింది చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

"కానీ మీ గుండెకే రక్తం సరిగ్గా అందట్లేదండీ. పిండటానికే కాదు, పిండాక సడలడానికీ దానికి శక్తి కావాలి. అది చాలక బిగుసుకుపోతోంది. సడలకపోతే సరిగ్గా నిండదు. రక్తం వెనక ఊపిరితిత్తుల్లో నిలబడిపోతుంది. మీ ఆయాసం అందుకే. వెంటనే ఆంజియోగ్రాం చేయించుకోండి."

మేస్త్రీ మొదటి ముక్క మాత్రం ఇంటికి మోసుకొచ్చాడు. భార్య దాన్ని బంధుబలగమంతటికీ చాటింది. ఇక దిండు మీద దిండు వేసుకుని కూర్చునే నిద్రపోతున్నా, "గ్యాసులే" అని బుకాయించక తప్పలేదు. తన గొప్పలో తనే ఇరుక్కుపోయాడు.

పైన స్విచ్చు దగ్గర బావమరిది ఉన్నాడు. భార్యకు తమ్ముడు, నోరు తెరిస్తే వేళాకోళం. మోటారు హోరులో కేకలు వినపడవని ఇద్దరూ ఎప్పుడో ఒక పద్ధతి పెట్టుకున్నారు. పైపు మీద పానాతో ఒక దెబ్బ కొడితే మోటారు వెయ్యాలి, రెండు కొడితే ఆపాలి. కాపాడమనడానికి దెబ్బే లేదు.

తిరుగుతున్న మోటారు ఆపించడానికి రెండు కొట్టాడు. మోటారు ఆగింది. పిలవబోతే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. మళ్లీ ఒక దెబ్బ కొట్టాడు. మోటారు గుర్రుమంది. కంగారులో ఎడాపెడా బాదేశాడు. మోటారు ఆగింది, తిరిగింది, మళ్లీ ఆగింది.

పైనుంచి అరుపు వినిపించింది. "బావా, కచేరీ పెట్టావా ఏంటి? మోటారు కాలిపోతే మీ డాక్టరమ్మ వచ్చి చూస్తుందా?"

మేస్త్రీకి ఏడుపొచ్చింది. ఇక్కడే చచ్చిపోతానని భయమేసింది. అప్పుడు తట్టింది, మోటారు ఆగాక తను ఉలుకూ పలుకూ లేకుండా ఉంటేనే వాడికి అనుమానమొస్తుందని. పానా ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంకో దెబ్బ కొట్టాలని చెయ్యి ఆరాటపడుతూనే ఉంది. కొట్టలేదు. ఎక్కడో నీటిచుక్క పడుతోంది. పైన వాడు ఫోను చూసుకుంటూ కూర్చుంటే తన గతేమిటి?

"బావా?" కాసేపాగి, "బావా! పలకవేంటి?"

నిచ్చెన గడగడలాడింది. దిగినవాడి మొహంలో నెత్తుటిచుక్క లేదు. "పంపింగు బాగుందన్నావు కదా బావా!" అంటూ పడుకోబెట్టబోయాడు.

మేస్త్రీ వాడి చొక్కా పట్టుకున్నాడు. "పడుకోబెట్టకు... కూర్చోనీ. డాక్టరమ్మ రెండు మాటలు చెప్పిందిరా. నేను ఒకటే ఇంటికి తెచ్చాను." గాలి కోసం ఆగాడు. "రెండోది మీ అక్కకి చెప్పు. గుండె సడలట్లేదట. దానికి రక్తం అందట్లేదట."

బావమరిది ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. "పైకెళ్లి అంబులెన్సుకి చేస్తా బావా. వెంటనే వచ్చేస్తా."

మేస్త్రీ తలూపాడు. చెయ్యి మాత్రం చొక్కాని పట్టుకునే ఉంది.

"వదులు బావా," అన్నాడు బావమరిది, ఏడుపు ఆపుకుంటూ. "వదిలితేనే కదా నేను వెళ్లేది."

ఆ వేళ్లు సడలడానికి చాలాసేపే పట్టింది.