సీలు తీయని తీర్థం

దత్తాత్రేయులు గారు ఏలూరులో పేరున్న పురోహితులు. కైకలూరు నుంచి భీమడోలు దాకా ఆయన మంత్రం పడని పెళ్లిపందిరి లేదు, ఆయన నోట పడని పెళ్లివారూ లేరు. గొంతు పెద్దది, బొజ్జ అంతకన్నా పెద్దది. మైకు లేకపోయినా వినిపిస్తారు, స్టేజీ లేకపోయినా కనిపిస్తారు.

ఆయనకు మడి ఎక్కువ. పరాయింట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. వాళ్ల నాన్నగారు ఇదే నియమానికి ఇత్తడి మరచెంబు మోసి మోసి ఒక భుజం కిందికి దించుకున్నారు. కొడుకు తెలివైనవాడు. యంత్రం నింపి, యంత్రమే మూత బిగించిన కూల్‌ డ్రింకు సీసాను మనిషి చెయ్యి తాకదు కదా, తాకనిదానికి మైలెక్కడిది? “సీలుంటే శీలం ఉన్నట్టే!” అని సొంతంగా ఒక సూత్రం కట్టేశారు. సీలున్న మంచినీళ్లూ దొరుకుతాయి. కానీ ఏ ఇంటివాళ్లూ ఒప్పుకునేవారు కాదు. “పంతులు గారికి ఉత్త నీళ్లా? మా పరువేం కానండీ!” అని నొచ్చుకునేవారు. అలా గృహప్రవేశానికి నారింజ రంగుది, నిశ్చితార్థానికి నల్లది, వ్రతానికి మామిడిపండుది. ఉపవాసం నాడు ఇంకో రెండు ఎక్కువ. అది తిండి కాదు కదా!

కొల్లేటి చెరువుల్లో మేత సంచులకు చిల్లులు పెట్టి గుంజలకు కడతారు. చేప ఒక్కో సంచి దగ్గరా ఆగి నోరు తెరుస్తుంది. ఈయన దారి పొడవునా సీసాలు అలాగే వేలాడేవి. చేపకైనా మధ్యలో ఈత ఉంటుంది, ఈయనకు స్కూటరే.

మద్యం వాసన కూడా ఎరగరు కాబట్టి లివరు జబ్బు తాగుబోతుల పిత్రార్జితమని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి మొదటి బీట చెల్లెలి వల్ల పడింది.

చెల్లెలు బాలాత్రిపురసుందరి తాడేపల్లిగూడెంలో లెక్కల టీచరు. ఒంటిని కాపాడాల్సిన కాపలా దళమే దారితప్పి సొంత కాలేయాన్ని కరిచే జబ్బు ఆవిడకు వచ్చింది. మందులతో కొన్నేళ్లు లాక్కొచ్చింది. ఈ ఏడాది మందులు చేతులెత్తేశాయి. ఇక ఎవరైనా తమ కాలేయంలోంచి ముక్క కోసి ఇవ్వాల్సిందే. భర్త మురళీకృష్ణ రక్తం గ్రూపు కలవలేదు. కూతురు భావన ఇంకా హైస్కూలు పిల్ల. కలిసింది అన్నయ్యది.

“ముక్కేం ఖర్మ, మొత్తం తీసేసుకోండి!” అని దత్తాత్రేయులు గారు పెద్దాసుపత్రి మూడంతస్తులకూ వినపడేలా ప్రకటించారు.

డాక్టర్ హిమబిందు ఆయన స్కాను చూసింది. నవ్వలేదు.

“పంతులు గారూ, మీరెంత తాగుతారండీ?”

“శివశివా! తులసి తీర్థం తప్ప...”

“మందు సంగతి కాదండీ. తియ్యటివి. కూల్‌ డ్రింకులు, జ్యూసు డబ్బాలు.”

ఆయన వేళ్లు మడవడం మొదలెట్టారు. రెండు చేతులూ అయిపోయాక మానేశారు.

ఆవిడ తెర ఇటు తిప్పింది. బూడిదరంగు మధ్య కాలేయం తెల్లగా ధగధగలాడుతోంది.

“బాగా మెరుస్తోంది కదండీ,” అన్నారాయన ఆశగా.

“మెరవకూడదండీ. అది కొవ్వు. తియ్యటి నీళ్లు నమలక్కర్లేదు, కడుపు నిండినట్టూ తెలీదు. అందులో తీపి సగం తిన్నగా కాలేయం గుమ్మంలోకే పోతుంది. అది ఎంతని ఖర్చుపెడుతుందండీ? మిగిలింది కొవ్వు చేసి దాచుకుంటుంది. ఇలాంటి ముక్క పెడితే ఆవిడకి సరిగ్గా పని చెయ్యదు, మీకు మిగిలేదానికీ ప్రమాదం. ఇప్పుడున్న స్థితిలో మీరు ఇవ్వలేరండీ.”

చక్రాల కుర్చీలో ఉన్న చెల్లెలు అందుకుంది.

“మా అన్నయ్యకి కొవ్వెక్కువని నేను చిన్నప్పట్నుంచీ చెబుతున్నానండీ. ఇన్నాళ్లకి ఫోటో దొరికింది.”

నవ్వింది. ఆ కాస్త నవ్వుకే ఆయాసమొచ్చి కళ్లు మూసుకుంది. దత్తాత్రేయులు గారికి నవ్వు రాలేదు.

“నా కాలేయం ఇన్నేళ్లుగా ఇదంతా మోస్తోంది కదా, ఒక్కసారైనా నొప్పి అనలేదేంటమ్మా?” అని అడిగారు.

“అది అనదండీ. రక్తంలో విషాలు విరుస్తుంది, పైత్యరసం చేస్తుంది. మీరు ఉపవాసం ఉన్నారనుకోండి, దాచిపెట్టిందేదో తీసి మీ మెదడుకి అన్నం పెడుతుంది. మీరు పడుకున్నా అది పడుకోదు. ఎంత అలిసిపోయినా అరవదు.”

గంటసేపు అరవకపోతే గొంతు తుప్పుపడుతుందనుకునే మనిషి ఆయన. ఇంత పెద్ద నోరున్న ఇంట్లో ఇంత మౌనంగా ఒకరు కాపురం ఉంటున్నారన్న సంగతి ఆయనకు ఇప్పుడే తెలిసింది.

“తగ్గుతుందా అమ్మా?”

“మచ్చలు పడి గట్టిపడిపోతే కష్టమండీ. మీది అంతదాకా రాలేదు. తీపి తాగడం పూర్తిగా ఆపి, బరువు తగ్గి, రోజూ నడిస్తే కొన్ని వారాల్లోనే దిగొచ్చు. కానీ చెల్లెలు గారికి ఎక్కువ టైము లేదు.”

ఆ మర్నాడే నాన్నగారి మరచెంబు అటక దిగి చింతపండుతో స్నానం చేసింది. స్కూటరు షెడ్డెక్కింది. పంతులు గారు పంచె ఎగ్గట్టి పొద్దున్నే కాలవ గట్టెక్కారు. ఊళ్లో సీసాలు ఎదురొచ్చేవి, ఆయన పక్కకు తప్పుకునేవారు. “మా ఇంట్లో పుచ్చుకోరా అండీ? మేమేం తప్పు చేశామండీ?” అని జనం చిన్నబుచ్చుకునేవారు.

ఎండలు ముదిరాక, కైకలూరు అవతల నాగదుర్గారావు చెరువులో చేపపిల్లలు వదిలే పూజ వచ్చింది. గట్టు మీద నీడ లేదు. సంకల్పం చెప్పి లేస్తుంటే మరచెంబు కాలికి తగిలి దొర్లింది. దొర్లి, గట్టు జారి, బుడుంగున చెరువులోకి పోయింది. ఇంకా గంట మంత్రం ఉంది. నాలిక పిడచ కట్టింది.

నాగదుర్గారావు పరుగున ఐసుపెట్టె తెరిచాడు. లోపలున్నవన్నీ రంగులవే. నారింజది తీసి చేతిలో పెట్టాడు.

“తాగండి పంతులు గారూ, సీలు కూడా తియ్యలేదండీ.”

సీసా నిండా చెమట. పంతులు గారి నిండా చెమట. వేళ్లు మూత మీదికి వాటంతటవే వెళ్లాయి, అలవాటైన ఎద్దు ఇంటిదారి పట్టినట్టు. ఒక్కటేగా! ఒక్కదానికి ఏమవుతుంది? కానీ ముప్పై ఏళ్లూ ప్రతిదీ ఒక్కటే. ప్రతిసారీ ఆ ఒక్కటీ లోపల ఎవరో అందుకుని, నోరెత్తకుండా మోసింది. కళ్ల ముందు చెల్లెలి నవ్వు, ఆ నవ్వు వెంట ఆయాసం.

సీసా గట్టు మీద పెట్టేశారు. మడి ఒకవైపు, మనిషి ఒకవైపు. ఆయన ఎటు తూగారో నాగదుర్గారావు భార్య పెద్దింటమ్మకు వినబడింది.

“అమ్మా, మీ కుండలో నీళ్లున్నాయా?”

మంగళవాయిద్యం ఆగిపోయింది.

“మా కుండలోవాండీ?”

“మీ కుండలోవే.”

పెద్దింటమ్మ షెడ్డులోకి వెళ్లి గ్లాసు రెండుసార్లు కడిగి తెచ్చింది. “మూత పెట్టే ఉంచానండీ. సీలు మాత్రం లేదు,” అంది, కొంచెం జంకుతూ, కొంచెం కొంటెగా.

ఆయన తాగారు. మట్టి వాసన, చల్లదనం, అంతే. ఏ రుచీ లేనిదానికి ఇంత రుచి ఉంటుందని ఆయన ఎరగరు. గ్లాసు చాపి మళ్లీ పోయించుకున్నారు. “నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ!” అన్నారు. ఎన్ని వేలసార్లు అలవాటుగా పారేసిన దీవెనో అది, ఈసారి మాత్రం ఒక్కో మాటా ఆగి ఆగి అన్నారు.

కబురు ఆయనకన్నా ముందే ఏలూరు చేరింది. “పంతులు గారు నీళ్లు పుచ్చుకుంటున్నారంట!” అని ప్రతి ఇంటి కుండా ఎదురుచూసింది. చిన్నబుచ్చుకున్నవాళ్లు కూడా మంచినీళ్లతో సరిపెట్టుకున్నారు. కాదు, గర్వపడ్డారు.

రెండోసారి స్కానులో ఆ ధగధగ లేకపోయేసరికి ఆయన కంగారుపడ్డారు. “మసకబారిపోయిందేంటమ్మా?”

“ఇలాగే ఉండాలండీ! కొవ్వు దిగిపోయింది. ఆపరేషనుకి రోజు చూసుకుందాం.”

జీవితంలో మొదటిసారి దత్తాత్రేయులు గారు ముహూర్తం తాను పెట్టలేదు. “మీరెప్పుడంటే అప్పుడేనమ్మా,” అన్నారు.

ఆపరేషను జరిగిన మూడు నెలలకు అన్నాచెల్లెళ్లిద్దరూ హిమబిందు గదిలో పక్కపక్కన కూర్చున్నారు. తెర మీద రెండు బొమ్మలు. ఎడమవైపుది ఆయనది, కుడివైపుది ఆవిడది.

“మీ దాంట్లో సగానికి పైగా కోసి ఇచ్చాం. ఇప్పుడు చూడండి. ఇంచుమించు మునుపటంత. ఆవిడలో పెట్టిన ముక్కా అంతే, ఆవిడ ఒంటికి ఎంత కావాలో అంత పెరిగింది.”

“పెరగమని దానికి ఎవరు చెప్పారమ్మా?”

“చాలినంత అయ్యాక ఆగమనీ ఎవరూ చెప్పరండీ. అదే ఆగుతుంది. ఎలాగన్నది మాకూ కొంతే తెలుసు.”

దత్తాత్రేయులు గారు నోరు తెరిచారు. ఇలాంటి చోట అనదగ్గ శ్లోకాలు బోలెడు కంఠతా వచ్చు. ఒక్కటీ రాలేదు. తెర మీదికి వంగి, గర్భగుడి గడప దగ్గర నిలబడ్డ భక్తుడిలా అలాగే చూస్తుండిపోయారు.

“ఏంటన్నయ్యా, మాట్లాడవేం? భయమేస్తోంది నాకు,” అంది చెల్లెలు.

“నాది నీలో పెరుగుతోందే...” అన్నారాయన. ఆ మాట పక్క కుర్చీకి మాత్రమే వినబడింది.

“నీది కాదు, ఇప్పుడది నాది. తిరిగి అడిగావంటే ఊరుకోను. పద, ఆకలేస్తోంది.”

ఆకలేస్తోందన్న మాట చెల్లెలి నోట విని ఎన్నాళ్లయిందో! ఆయన లేచి, కుడి డొక్క మీద అరచెయ్యి ఆనించుకుని, నిద్రపోతున్న పసిపాపను ఎత్తుకున్నవాడిలా చప్పుడు చెయ్యకుండా ఆవిడ వెనకాలే నడిచారు.