వెనక సీట్లో దుప్పటి

ఆ దీవికి వెళ్ళడానికి మూడు దారులున్నాయి. విమానమెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుండొచ్చు. రైల్లో రేవుదాకా వెళ్ళి ఓడెక్కొచ్చు. కాదంటే సొంత కారులోనే సరిహద్దు దాటి, కారుతో సహా ఓడలో దూరిపోవచ్చు. అల్లుడు విమానమన్నాడు. అత్తగారు ససేమిరా అంది.

"గాల్లో వేలాడే పని నావల్ల కాదు బాబూ. మీరిద్దరూ వెళ్ళిరండి. ఇల్లు నేను చూసుకుంటా."

ఆ మాటకి కూతురి మొహం చిన్నబోయింది. ఇంకేముంది, కారు ఖాయమైపోయింది.

అల్లుడు కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. అత్తగారి నోట్లో ఉన్న పళ్ళు కూడా అతని చేతిపనే. "నేను చేసిన పళ్ళతో నన్నే కొరుకుతోంది మీ అమ్మ," అని పెళ్ళాం దగ్గర గొణిగేవాడు. అలాగని ఆవిడంటే గిట్టక కాదు. ఒకే ఇంట్లో ఉన్న రెండు మొండిఘటాలు, అంతే.

రెండోరోజు పొద్దున ఇద్దరికీ చెడింది. నెమ్మదిగా పోనివ్వమని ఆవిడ వెనక సీట్లోంచి నాలుగోసారో అయిదోసారో అనేసరికి అతను నోరు జారాడు.

"ఒక్క మనిషి భయానికి ముగ్గురం నడుములు విరగ్గొట్టుకుంటున్నాం."

అద్దంలో చూస్తే ఆవిడ దుప్పటి తలమీదికి లాక్కుని ఓ మూలకి ఒరిగిపోయి ఉంది. రేవు చేరేదాకా ఆ దుప్పటి తియ్యలేదు.

రేవులో కార్లన్నీ వరసలో ఆగాయి. కార్లో నడిపేవాళ్ళు మాత్రమే ఉండాలి, మిగతావాళ్ళు నడిచి ఓడెక్కాలి. మోకాళ్ళ నొప్పులని చెబితే అత్తగారిని కార్లోనే ఉండనిచ్చారు. కిటికీ పక్క సీట్లు పట్టడానికని కూతురు ముందే వెళ్ళిపోయింది. అల్లుడు కాళ్ళు సాగదీయడానికి దిగి, కాఫీ తెచ్చుకునేలోగా వరస కదిలింది. పరిగెత్తుకొచ్చి స్టీరింగ్ పట్టుకున్నాడు. వెనక దుప్పటి ముద్ద ఎక్కడిదక్కడే ఉంది.

ఓడ కడుపులో కారాపి, తల తిప్పకుండానే అన్నాడు. "అత్తయ్యగారూ, వచ్చేశాం. పైకి లిఫ్టుంది. దిగుతారా?"

జవాబు లేదు.

ఇంకా అలక తీరలేదన్నమాట అనుకున్నాడు. "సరే, మీ ఇష్టం. పడుకోండి," అని మెట్లెక్కేశాడు.

"అమ్మేదీ?" అంది భార్య.

"లేపాను. నిద్రొస్తోందంది."

ఓడ కదిలింది. కార్ల అంతస్తుకి తాళం వేస్తున్నామనీ, అక్కడెవరూ ఉండకూడదనీ మైకులో చెప్పారు. భార్య అతని మొహంలోకి చూసింది. ఇద్దరూ లేచి, తెల్లచొక్కా వేసుకున్న ఓడ అధికారి దగ్గరికి పరిగెత్తారు. ఆయన భార్యని పైనే ఉండమని, అతన్నొక్కణ్ణే కిందికి తీసుకెళ్ళాడు.

అల్లుడు కారు తలుపు తీసి దుప్పటి లాగాడు. కింద తలగడ ఉంది. తలగడ పక్కన స్వెట్టరు. చార్జింగ్ పెట్టిన ఫోను. ఆవిడ లేదు.

వంగి సీటు కింద చూశాడు. అంత మనిషి సీటు కింద పట్టదని తెలిసీ చూశాడు. డిక్కీ తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"ఆవిడ ఓడెక్కారా, లేదా?" అనడిగాడు అధికారి.

అప్పుడర్థమైంది అతనికి. తను ఇందాక మాట్లాడింది తలగడతో.

పైకెక్కుతుంటే మెట్లు తరగనట్టే అనిపించాయి. మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. విషయం భార్యకి చెప్పాడు.

"లేపానన్నారుగా."

"లేపలేదు. పిలిచానంతే. పలక్కపోతే కోపమనుకున్నా."

ఆమె అరవలేదు. ఏడవలేదు. సంచీ తీసుకుని వెళ్ళి ఎదటి వరసలో కూర్చుంది. నాలుగు దెబ్బలు కొట్టినా అతనికి అంత నొప్పి ఉండేది కాదు.

అధికారి రేవుకి కబురు పెట్టాడు. జవాబు తొందరగానే వచ్చింది గానీ, దాంతో ఉన్న ప్రాణం కాస్తా పోయింది. అలాంటి పెద్దావిడ ఒకరు టికెట్ల కౌంటరు దగ్గరికి వచ్చారట, తర్వాత టాక్సీ ఎక్కి వెళ్ళిపోయారట. ఎక్కడికో తెలీదు. కౌంటరులో మనిషి డ్యూటీ దిగి ఇంటికెళ్ళిపోయింది.

భాష రాదు, చేతిలో ఫోను లేదు. ఆవిడ ఏ టాక్సీ ఎక్కింది? ఎవడి టాక్సీ? సాయంత్రం దాకా అదే ప్రశ్న. బయట నీళ్ళు నీలంగా మెరుస్తున్నాయి, జనం ఫొటోలు దిగుతున్నారు. వాళ్ళని చూస్తుంటే వేరే లోకంలో ఉన్నట్టనిపించింది.

ఓడ ఆగగానే ముందు పోలీసుల దగ్గరికి వెళ్ళమని అధికారి చెప్పాడు. వరసలో కారు మెల్లగా బయటికొచ్చింది. గేటు దాటాక ఒక బెంచీ. బెంచీ మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని, చెప్పులు విడిచి, అత్తగారు.

అతను బ్రేకు మీద నిలబడిపోయాడు. వెనక కార్లు హారన్లు మోగిస్తున్నా వినపడలేదు. వెనక సీట్లోంచి భార్య తలుపు తీసింది గానీ దిగలేకపోయింది. ముసలావిడే చెప్పులు వేసుకుని కుంటుకుంటూ వచ్చింది.

"ఎలా వచ్చావమ్మా?"

"విమానంలో."

భార్యాభర్తలిద్దరూ ఒకేసారి గుడ్లప్పగించారు.

"బాత్రూముకని దిగానే. వచ్చేసరికి ఓడ వెళ్ళిపోతోంది. మళ్ళీ ఓడ రేపేనట. కౌంటరులో అమ్మాయికి పాస్‌పోర్టు చూపించి, ఓడ వైపు చెయ్యి చూపించా. ఆ పిల్ల చేతులు రెక్కల్లా చాపి, పోతావా అని అడిగింది. నువ్వు ఓడలో ఏడుస్తుంటావని తెలుసుగా, ఇంకేం చేస్తాను? ఆ పిల్లే టాక్సీ ఎక్కించింది, కళ్ళు మూసుకుని విమానమెక్కా. పక్కనావిడ చెయ్యి నలిపేశాననుకో, పాపం. దిగగానే ఇంకో టాక్సీలో ఈ రేవుకొచ్చా."

వెనక కూతురి పక్కన సర్దుకుని కూర్చుంది. అల్లుడు కారు ఓ పక్కకి తీసి ఆపాడు. ఈసారి పూర్తిగా వెనక్కి తిరిగాడు.

"అత్తయ్యగారూ, నేనొక్కసారి తిరిగి చూసుంటే ఇంత జరిగేది కాదు. పొద్దున్నటి కోపం... చూడలేదు."

"నాకు మాత్రం లేదా కోపం? దిగుతున్నానని మీతో చెప్పాలా వద్దా? చెప్పలేదు. మీరు కాఫీకని అటు తిరగ్గానే తలుపు చప్పుడవకుండా వేసి మరీ వెళ్ళాను." ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుంది. "వెళ్ళిపోతున్న ఓడని చూస్తూ నిలబడ్డప్పుడు... వద్దులెండి, ఇప్పుడెందుకు."

అతను తాళంచెవి తిప్పబోయాడు. సన్నటి పంటి అంచులు అరగదీసే చేతికి తాళంచెవి చిక్కలేదు. స్టీరింగ్ మీద తలాన్చి ఉండిపోయాడు.

"కాసేపు కూర్చుందాం. ఎవరూ తరమట్లేదుగా మనల్ని," అంది అత్తగారు.

ఓడలోంచి దిగిన కార్లు ఒక్కొక్కటే వాళ్ళని దాటుకుంటూ ఊళ్ళోకి వెళ్ళిపోయాయి. కొంతసేపటికి వెనక నుంచి ఒక చెయ్యి నీళ్ళ సీసా మూత తీసి ముందుకి చాపింది. గాజుల చప్పుడుకి తలెత్తి చూశాడు. భార్యది.

"తాగండి," అందామె. మధ్యాహ్నం నుంచి అతనితో అన్న మొదటి మాట అదే.